టాక్సిన్ జన్యువుల నియంత్రణ పటాన్ని చదవడం ఎలా? కంఠసర్పి, కలరాలతో ఒక అభ్యాసం

మైక్రోబయాలజీ పాఠ్యపుస్తకంలో కలరా టాక్సిన్ నియంత్రణను వివరించే పేజీ తెరిస్తే, ఒక డజను ప్రోటీన్ల పేర్లు, వాటి మధ్య అటూ ఇటూ తిరిగే బాణాలు, అడ్డగీతలు కనిపిస్తాయి. చాలామంది విద్యార్థులు ఆ బొమ్మను పైనుంచి కిందికి బట్టీపట్టి పరీక్షలో దించేస్తారు. పరీక్ష ముగిసిన కొద్ది రోజులకే ఏ ప్రోటీన్ దేనిని ప్రేరేపిస్తుందో, ఏది దేనిని అణచివేస్తుందో కలగాపులగమైపోతుంది. అలాంటి పటాన్ని ఏ వరుసలో చదివితే అర్థమవుతుందో, ఒకసారి చదివినదాన్ని అవసరమైనప్పుడు మళ్లీ మనంతట మనమే ఎలా గీసుకోవచ్చో చూపించడానికే ఈ వ్యాసం. లాక్ ఓపెరాన్ ఎలా పనిచేస్తుందో తెలిసిన డిగ్రీ విద్యార్థికి ఇంతకుమించిన పూర్వజ్ఞానం అక్కర్లేదు. ఒక తెల్లకాగితం, పెన్సిలు, రబ్బరు మాత్రం పక్కన పెట్టుకోవాలి.

పటాన్ని పైనుంచి కాదు, అడుగునుంచి చదవాలి. అంటే టాక్సిన్ జన్యువు దగ్గర మొదలుపెట్టి, దాన్ని నేరుగా తాకే ప్రోటీన్ ఏది, ఆ ప్రోటీన్‌ను తయారుచేయించేది ఏది అని ఒక్కో మెట్టు వెనక్కి వెళ్లాలి. ఆ పని మొదలుపెట్టే ముందు మాత్రం ఒక ప్రశ్నకు సమాధానం రాసుకోవాలి: ఈ టాక్సిన్ ఎక్కడ, ఎప్పుడు తయారైతే ఆ బాక్టీరియాకు లాభం? టాక్సిన్ అన్నది ప్రోటీన్. దాన్ని తయారుచేసి కణం బయటికి పంపడానికి శక్తి, ముడిసరుకు రెండూ ఖర్చవుతాయి. అక్కరలేని చోట ఆ ఖర్చు పెట్టే కణాలు, పెట్టని కణాలతో పోటీలో వెనుకబడతాయి. కనుక నియంత్రణ వ్యవస్థలోని ప్రతి సంకేతమూ ఏదో ఒక రూపంలో ‘ఇప్పుడు నేనెక్కడున్నాను?’ అన్న ప్రశ్నకు జవాబే అయి ఉంటుంది. ఈ దృష్టి లేకుండా పేర్లు నేర్చుకోవడం వృథా ప్రయాస అని నా అభిప్రాయం.

జన్యువు ఎవరిది, స్విచ్చు ఎవరిది?

కాగితం మీద మొట్టమొదట గీయవలసింది బాణాలు కాదు, జన్యువు చిరునామా. టాక్సిన్ జన్యువు బాక్టీరియా సొంత క్రోమోజోమ్‌లోనే పుట్టి పెరిగిందా, ఏదైనా ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ ముక్క) మీద ఉందా, లేక బాక్టీరియాను ఆశ్రయించిన ఫేజ్ వైరస్ మోసుకొచ్చిందా అన్నది తెలుసుకోవాలి. ధనుర్వాతపు టాక్సిన్ జన్యువు ప్లాస్మిడ్ మీద ఉంటుంది. కంఠసర్పి, కలరా టాక్సిన్ల జన్యువులు ఫేజ్‌లు తెచ్చినవి. కంఠసర్పి విషయంలో ఈ సంగతికి తొలి ఆధారం 1951లో దొరికింది. టాక్సిన్ తయారుచేయలేని కోరినీబాక్టీరియమ్ డిఫ్తీరియే కణాలకు ఫేజ్ సోకితే, వాటినుంచి టాక్సిన్ తయారుచేసే కణాలు వస్తున్నాయని విక్టర్ ఫ్రీమన్ ఆ సంవత్సరం చూపించారు. కలరా జన్యువులు సీటీఎక్స్‌ ఫై అనే తంతురూప ఫేజ్ జీనోమ్‌లో భాగమని మాథ్యూ వాల్డర్, జాన్ మెకలానోస్ 1996లో వెల్లడించారు.

చిరునామా తెలిశాక రెండో ప్రశ్న వేయాలి: జన్యువు బయటినుంచి వచ్చింది సరే, దాన్ని నడిపించే నియంత్రక ప్రోటీన్ కూడా దానితోపాటే వచ్చిందా, లేక బాక్టీరియా దగ్గర అంతకుముందే ఉన్నదా? కాగితం మీద ఈ రెండింటికీ రెండు రంగులు వాడండి. బయటినుంచి వచ్చిన జన్యువులకు ఎరుపు, బాక్టీరియా సొంతవాటికి నీలం అనుకుందాం. ఈ చిన్న ఏర్పాటు వల్ల ఎంత తేటపడుతుందో ముందు కంఠసర్పిలో, ఆ తరువాత కలరాలో చూద్దాం.

కంఠసర్పి: ఒక్క స్విచ్చుతో అభ్యాసం

మొదటి అభ్యాసానికి కంఠసర్పిని ఎంచుకోవడానికి కారణం, ఇందులో ముఖ్యమైన నియంత్రకం ఒక్కటే. 1884లో ఫ్రెడరిక్ లోఫ్లర్ ఈ బాక్టీరియాను వేరుచేసినప్పుడు ఆయనను ఒక విషయం ఆశ్చర్యపరిచింది. బాక్టీరియా గొంతులోనే ఉంటుంది, కానీ దూరంగా ఉన్న అవయవాలు దెబ్బతింటాయి. బాక్టీరియా నుంచి వెలువడే విషపదార్థమేదో రక్తంతో పాటు ప్రయాణిస్తూ ఉండాలని ఆయన ఊహించారు. నాలుగేళ్ల తరువాత పారిస్‌లో ఎమిల్ రూ, అలెగ్జాండ్ర్ యెర్సిన్ బాక్టీరియాను పూర్తిగా వడకట్టి తీసేసిన ద్రవం కూడా జంతువులను చంపగలదని చూపించడంతో ఆ ఊహ నిజమైంది. ఈ టాక్సిన్ మన కణాల్లో ప్రోటీన్ తయారీకి అవసరమైన ఎలాంగేషన్ ఫాక్టర్-2 అనే ప్రోటీన్‌ను రసాయనికంగా మార్చి పనికిరాకుండా చేస్తుంది.

ఇక నియంత్రణ. వ్యాక్సిన్ కోసం టాక్సిన్‌ను తయారుచేసేవారికి ఒక చిక్కు చాలాకాలంగా ఎదురయ్యేది. ద్రావణంలో ఇనుము కాస్త ఎక్కువైతే బాక్టీరియా చక్కగా పెరుగుతుంది, టాక్సిన్ మాత్రం దాదాపు రాదు. పాపెన్‌హైమర్, జాన్సన్ 1936లో ఇనుము ప్రభావాన్ని కొలిచి ప్రచురించారు. ఆ పని చేసే ప్రోటీన్ మాత్రం 1990లో గానీ చేతికి చిక్కలేదు. దాని పేరు డీటీఎక్స్‌ఆర్, అంటే డిఫ్తీరియా టాక్సిన్ రెప్రెసర్. ఇప్పుడు రంగుల పద్ధతి వాడి చూడండి. టాక్సిన్ జన్యువు ఫేజ్‌ది, కనుక ఎరుపు. డీటీఎక్స్‌ఆర్ జన్యువు బాక్టీరియా క్రోమోజోమ్‌ది, కనుక నీలం. వలసవచ్చిన జన్యువు స్థానిక నియంత్రకం అదుపులోకి వచ్చిందన్నమాట.

డీటీఎక్స్‌ఆర్ దానంతట అది డీఎన్‌ఏను గట్టిగా పట్టుకోలేదు. ఫెర్రస్ ఇనుము దానికి అతుక్కున్నప్పుడే రెండు అణువులు జతకట్టి, టాక్సిన్ జన్యువు ముందున్న ఆపరేటర్ మీద కూర్చుంటాయి. ఆపరేటర్, ప్రమోటర్‌లోని మైనస్ 10 ప్రాంతం ఒకదానిమీద ఒకటి పరుచుకుని ఉంటాయి కనుక, డీటీఎక్స్‌ఆర్ కూర్చున్నప్పుడు ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌కు చోటు దొరకదు. ఇనుము తగ్గగానే డీటీఎక్స్‌ఆర్ జారిపోతుంది, జన్యువు తెరుచుకుంటుంది.

ఈ ప్రోటీన్ ఇష్టపడే డీఎన్‌ఏ వరుసను ఒకసారి దగ్గరనుంచి చూడటం మంచిది. వివిధ జన్యువుల ముందున్న స్థలాలను పోల్చి తీసిన 19 అక్షరాల సాధారణ రూపం ఇది: టీ టీ ఏ జీ జీ టీ టీ ఏ జీ, మధ్యలో సీ, ఆ తరువాత సీ టీ ఏ ఏ సీ సీ టీ ఏ ఏ. మొదటి తొమ్మిది అక్షరాలను వెనకనుంచి ముందుకు రాసి, ప్రతి అక్షరానికీ జత అక్షరం (ఏకు టీ, జీకి సీ) వేసుకుంటూ పోండి. చివరి తొమ్మిది అక్షరాలు అచ్చంగా వస్తాయి. ఇలాంటి సౌష్ఠవం కనిపించిందంటే, అక్కడ కూర్చునే ప్రోటీన్ జంటగా వస్తుందని, జంటలో ఒక్కొక్కటి ఒక్కో సగాన్ని పట్టుకుంటుందని అనుమానించవచ్చు. టాక్సిన్ ఆపరేటర్ మీద నిజానికి రెండు జంటలు డీఎన్‌ఏకు ఎదురెదురు ముఖాల మీద కూర్చుంటాయని స్ఫటిక నిర్మాణ అధ్యయనాలు చూపాయి. పరీక్షలో ఆపరేటర్ అన్న పదం రాసి ఊరుకునేవారు ఈ లెక్క ఒక్కసారి చేతితో చేసి చూస్తే, ‘ప్రోటీన్ డీఎన్‌ఏను గుర్తుపడుతుంది’ అన్న మాటకు అర్థమేమిటో తెలుస్తుంది.

మొదట వేసుకున్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు దొరుకుతుంది. మన శరీరంలో ఇనుము స్వేచ్ఛగా తిరగదు. రక్తంలో ట్రాన్స్‌ఫెరిన్, శ్లేష్మపు పొరల మీద లాక్టోఫెరిన్ దాన్ని బిగించి పట్టుకుని ఉంటాయి. అందువల్ల ఇనుము కరవు అన్నది బాక్టీరియాకు ‘నేను మనిషి గొంతులో ఉన్నాను’ అని చెప్పే గుర్తు. డీటీఎక్స్‌ఆర్ టాక్సిన్‌ను మాత్రమే కాక, ఇనుమును వెదికి తెచ్చే సిడెరోఫోర్ జన్యువులను కూడా ఇదే పద్ధతిలో అణచిపెడుతుంది. కనుక టాక్సిన్‌ను విడిగా చూడకుండా, ఇనుము కరవుకు బాక్టీరియా ఇచ్చే స్పందనలో ఒక భాగంగా చూడాలి. ఏ నియంత్రకాన్ని చదివినా ‘దీని కింద ఇంకేయే జన్యువులు ఉన్నాయి?’ అని అడగడం అలవాటు చేసుకోండి. సంకేతం అర్థం చాలాసార్లు ఆ పక్క జన్యువుల వల్లే బయటపడుతుంది.

కలరా: మెట్లు దిగడం కాదు, ఎక్కడం

కలరా బాక్టీరియా విబ్రియో కలరే సొంత ఇల్లు మనిషి పేగు కాదు. నదీముఖద్వారాల్లోని ఉప్పుకలిసిన నీటిలో, సూక్ష్మమైన జలచరాల పెంకుల మీద అది హాయిగా బతుకుతుంది. కలుషితమైన నీటితో చిన్నపేగులోకి చేరినప్పుడు మాత్రం దానికి రెండు అవసరాలు పుడతాయి. ఒకటి, పేగు గోడను అంటిపెట్టుకుని పెరగడం. రెండు, పెరిగిన సంతతి మళ్లీ నీటిలోకి చేరడం. మొదటి అవసరం కోసం టీసీపీ అనే పిలస్ నూలుపోగులు, రెండోదానికి టాక్సిన్ ఉపయోగపడతాయి. టాక్సిన్ పేగు కణాల్లో జీ ప్రోటీన్‌ను ఎప్పుడూ పనిచేసే స్థితిలో బిగించేస్తుంది. కణం లోపల సంకేతాలు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువు పెరిగిపోతుంది. క్లోరైడ్, దాని వెంట నీరు పేగులోకి పొంగుతాయి. తీవ్రమైన కలరాలో రోగి గంటకు లీటరు దాకా నీరు కోల్పోవచ్చు. కలరాకు కారణం విషపదార్థం అయి ఉంటుందని కలకత్తాలో కలరాను పరిశోధించిన రాబర్ట్ కాఖ్ 1884లో ఊహించినా, దానికి రుజువు దొరకడానికి 75 ఏళ్లు పట్టింది. 1959లో కలకత్తాకు చెందిన శంభునాథ్ డే, బాక్టీరియాను తీసేసిన ద్రవాన్ని కుందేలు పేగులో ముడివేసిన భాగంలోకి ఎక్కించి, అది నీటితో ఉబ్బడం చూపించారు. మన దేశంలో మన వసతులతో జరిగిన ఇంత గొప్ప పనికి ఆయన జీవితకాలంలో తగిన గుర్తింపు రాకపోవడం విచారకరం.

కాగితం అడుగున సీటీఎక్స్‌ఏబీ అని టాక్సిన్ ఓపెరాన్‌ను ఎర్రరంగులో రాయండి. దాని ప్రమోటర్‌ను నేరుగా తెరిచే ప్రోటీన్ టాక్స్‌టి. దాన్ని పైన రాసి కిందికి బాణం గీయండి. ఇదే టాక్స్‌టి పిలస్ జన్యువులను కూడా తెరుస్తుంది. అంటుకునే సాధనం, టాక్సిన్ రెండూ ఒకే ప్రోటీన్ చేతిలో ఉండటం యాదృచ్ఛికం కాదు. టాక్స్‌టి జన్యువు కూడా ఎరుపే. అది పిలస్ జన్యువులతో కలిసి, బయటినుంచి వచ్చిన ‘పాథోజెనిసిటీ ఐలండ్’ అనే డీఎన్‌ఏ ముక్క మీద ఉంటుంది. పైగా పిలస్ ప్రమోటర్ నుంచి మొదలైన లిప్యంతరీకరణ ముందుకు సాగి టాక్స్‌టి జన్యువును కూడా చదివేస్తుంది. అంటే టాక్స్‌టి తననుతాను పెంచుకుంటుంది. ఆ గుండ్రపు బాణాన్ని మరిచిపోకుండా గీయండి. ఒకసారి మొదలైన స్పందన ఎందుకు బలపడుతుందో చెప్పేది అదే.

ఇక్కడ ఒక చక్కని పక్క సంగతి ఉంది. సీటీఎక్స్‌ ఫై ఫేజ్ బాక్టీరియాలోకి దూరడానికి పట్టుకునేది ఈ టీసీపీ పిలస్‌నే. కాబట్టి పిలస్ వెలువరిస్తున్న కణాలకే, అంటే పేగులో స్థిరపడగల కణాలకే టాక్సిన్ జన్యువు అందే అవకాశం ఉంది. జన్యువు నియంత్రణ, దాని వ్యాప్తి ఒకదానితో ఒకటి ముడిపడిన ఇలాంటి సందర్భాలు అరుదు.

ఒక మెట్టు పైకి వెళితే, టాక్స్‌టి జన్యువును తెరిచేవి రెండు ప్రోటీన్లు: టాక్స్‌ఆర్, టీసీపీ-పి. ఇవి రెండూ కణత్వచంలో ఇరుక్కుని ఉంటాయి. డీఎన్‌ఏను పట్టుకునే భాగం కణం లోపల, మరో భాగం పొరకు అవతల ఉంటుంది. సాధారణంగా బాక్టీరియాలో బయటి సంకేతాన్ని గ్రహించేది ఒక ప్రోటీన్, డీఎన్‌ఏను పట్టుకునేది మరొకటి, వాటి మధ్య ఫాస్ఫేట్ చేతులు మారుతుంది. ఇక్కడ ఆ రెండు పనులూ ఒకే ప్రోటీన్ చేయడం, అదీ పొరలో ఉండి చేయడం విశేషం. కనుక బొమ్మలో కణత్వచాన్ని తప్పనిసరిగా గీసి, ఈ రెండింటినీ దాని మీద నిలబెట్టండి. వాటికి తోడుగా ఉండే టాక్స్‌ఎస్, టీసీపీ-హెచ్ అనే సహాయకాలను పక్కన చిన్నగా రాస్తే చాలు.

టాక్స్‌ఆర్ రంగు ఏమిటి? నీలం. టాక్సిన్ జన్యువుతో సంబంధం లేని ఇతర విబ్రియోల్లో కూడా అది ఉంది. విబ్రియో కలరేలో అది టాక్స్‌టి ప్రమేయం లేకుండానే ఓఎంపీ-యు, ఓఎంపీ-టి అనే బాహ్యత్వచపు ప్రోటీన్ల జన్యువులను నేరుగా నడిపిస్తుంది; మొదటిదాన్ని పెంచుతుంది, రెండోదాన్ని తగ్గిస్తుంది. పేరులో టాక్సిన్ ఉన్నంత మాత్రాన అది టాక్సిన్ కోసం పుట్టిన ప్రోటీన్ కాదు. బయటి పరిస్థితులకు తగినట్టు బాహ్యత్వచాన్ని సర్దే పాత ప్రోటీన్ అది. కొత్తగా వచ్చిన ఎర్ర జన్యువులు దాన్ని తమ పనికి వాడుకున్నాయి.

ఈ చోటే పుస్తకాలు ఒకదానితో ఒకటి విభేదిస్తాయి, విద్యార్థి గందరగోళపడతాడు. 1984లో మిల్లర్, మెకలానోస్ టాక్స్‌ఆర్ జన్యువును ఇ. కోలై అనే వేరే బాక్టీరియాలో పెట్టి, అది కలరా టాక్సిన్ ప్రమోటర్‌ను తెరవగలదని చూపించారు. అందుకే పాత పుస్తకాల్లో టాక్స్‌ఆర్ నుంచి నేరుగా టాక్సిన్ జన్యువుకు బాణం ఉంటుంది. 1991 తరువాత టాక్స్‌టి సంగతి బయటపడి, విబ్రియో కలరేలో అసలు దారి టాక్స్‌టి మీదుగా పోతుందని తేలింది. ఇ. కోలైలో చేసిన ప్రయోగం తప్పు కాదు. అది సాధ్యమైనదాన్ని చూపింది, విబ్రియోలో రోజూ జరుగుతున్నదాన్ని చూపలేదు. అందుకని ఏ బొమ్మ చూసినా అది ఏ సంవత్సరపుదో, ఏ జీవిలో చేసిన ప్రయోగం మీద ఆధారపడిందో బాణం పక్కన చిన్నక్షరాల్లో రాసుకోండి.

ఇప్పటిదాకా గీసినవన్నీ తెరిచే బాణాలే. మూసే చేయి కూడా ఉంది. హెచ్‌-ఎన్‌ఎస్ అనే ప్రోటీన్ ఏ, టీ అక్షరాలు ఎక్కువగా ఉన్న డీఎన్‌ఏను కప్పేసి నోరు నొక్కేస్తుంది. బయటినుంచి వచ్చిన జన్యువులు తరచుగా అలాంటివే కాబట్టి, టాక్సిన్, పిలస్, టాక్స్‌టి జన్యువులు మూడూ దాని కింద అణిగి ఉంటాయి. హెచ్‌-ఎన్‌ఎస్ లేని ఉత్పరివర్తనాల్లో తెరిచే ప్రోటీన్లు లేకపోయినా ఈ జన్యువులు కొంత పనిచేస్తాయి. కాబట్టి టాక్స్‌టి చేసే పనిలో ఒక భాగం పాలిమరేజ్‌ను పిలవడం అయితే, మరో భాగం హెచ్‌-ఎన్‌ఎస్‌ను పక్కకు తొలగించడం. బొమ్మలో ప్రతి బాణం దగ్గరా ‘ఇది పిలవడమా, అడ్డు తొలగించడమా?’ అని అడగండి.

రెండు అడ్డగీతల లెక్క

ఇంకా పైకి ఎక్కితే టీసీపీ-పి జన్యువును తెరిచే ఆఫ్‌-ఏ, ఆఫ్‌-బి అనే జంట కనిపిస్తుంది, రెండూ నీలమే. ఆఫ్‌-ఏ జన్యువును మూసేది హాప్‌ఆర్. హాప్‌ఆర్ ఎంఆర్‌ఎన్‌ఏను నాశనం చేసేవి క్యూఆర్‌ఆర్ అనే నాలుగు చిన్న ఆర్‌ఎన్‌ఏలు. వాటిని తయారుచేయించేది ఫాస్ఫేట్ అతుక్కున్న లక్స్‌ఓ. ఆ ఫాస్ఫేట్ ఉండాలా, పోవాలా అన్నది చుట్టూ ఎన్ని బాక్టీరియాలు ఉన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్రతి కణమూ కొన్ని చిన్న అణువులను బయటికి వదులుతూ ఉంటుంది. గుంపు పెరిగినకొద్దీ వాటి గాఢత పెరుగుతుంది. గాఢత పెరిగితే లక్స్‌ఓ తన ఫాస్ఫేట్‌ను కోల్పోతుంది. దీన్నే కోరమ్ సెన్సింగ్ అంటారు.

ఇక్కడ తికమకపడకుండా ఉండటానికి గణితంలోని సూత్రం ఒకటి చాలు: తెరిచే బాణానికి ప్లస్, మూసే అడ్డగీతకు మైనస్ గుర్తు వేసి, దారి పొడవునా గుణించుకుంటూ పోవాలి. లక్స్‌ఓ నుంచి క్యూఆర్‌ఆర్‌కు ప్లస్. క్యూఆర్‌ఆర్ నుంచి హాప్‌ఆర్‌కు మైనస్. హాప్‌ఆర్ నుంచి ఆఫ్‌-ఏకు మైనస్. అక్కడినుంచి టీసీపీ-పి, టాక్స్‌టి, టాక్సిన్ దాకా అన్నీ ప్లస్‌లే. రెండు మైనస్‌లు కలిసి ప్లస్ అయ్యాయి కనుక, ఫాస్ఫేట్ ఉన్న లక్స్‌ఓ టాక్సిన్‌కు అనుకూలం. ఫాస్ఫేట్ ఉండేది గుంపు పలచగా ఉన్నప్పుడు. కాబట్టి కలరా బాక్టీరియా సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు టాక్సిన్ మార్గం తెరిచి ఉంటుంది, గుంపు దట్టమైనప్పుడు మూసుకుంటుంది.

ఈ ఫలితం చూసి లెక్క తప్పిందేమోనని చాలామంది మళ్లీ మొదటినుంచి గుణిస్తారు. తప్పలేదు. గుంపు దట్టమైనప్పుడు పైకొచ్చే హాప్‌ఆర్, టాక్సిన్ మార్గాన్ని మూయడంతోపాటు ప్రోటీన్లను తెంచే ఒక ప్రోటియేజ్‌ను తయారుచేయిస్తుంది. ఆ ప్రోటియేజ్ బాక్టీరియాను పేగు గోడనుంచి విడిపించడానికి తోడ్పడుతుందని భావిస్తున్నారు. విరేచనాలతో బయటపడి నీటిలోకి తిరిగి వెళ్లవలసిన జీవికి ఇది సరిగ్గా సరిపోతుంది. స్టఫైలోకాకస్ ఆరియస్ అనే మరో బాక్టీరియా కథ దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ గుంపు పెరిగినప్పుడే ఏజీఆర్ వ్యవస్థ మేల్కొని, 514 న్యూక్లియోటైడ్ల ఆర్‌ఎన్‌ఏ-3 అనే అణువు ద్వారా ఆల్ఫా టాక్సిన్ వంటివాటిని పెంచుతుంది. కణజాలంలో పాతుకుని ఉండాలనుకునే బాక్టీరియా తగినంత బలగం పోగయ్యేదాకా ఆగుతుందన్నమాట. ‘కోరమ్ సెన్సింగ్ టాక్సిన్‌ను పెంచుతుంది’ అని ఒక్క వాక్యంలో నేర్చుకున్నవారికి కలరా ప్రశ్నలో సున్నా ఖాయం.

గీసిన బొమ్మ సరైనదో కాదో తేల్చుకోవడానికి, ఒక్కో ప్రోటీన్‌ను రబ్బరుతో చెరిపి, టాక్సిన్ ఏమవుతుందో ముందుగా ఊహించి రాసుకోవాలి. లక్స్‌ఓను చెరిపితే క్యూఆర్‌ఆర్ ఉండదు, హాప్‌ఆర్ నిలుస్తుంది, టాక్సిన్ మార్గం మూసుకుపోతుంది. లక్స్‌ఓ లేని బాక్టీరియా పిల్ల ఎలుకల పేగులో సరిగా స్థిరపడలేకపోయిందని ప్రయోగాలు నిజంగానే చూపాయి. లక్స్‌ఓ, హాప్‌ఆర్ రెండింటినీ చెరిపితే ఏమవుతుందో మీరే రాయండి. దారిలో కింద ఉన్న మెట్టుదే పైచేయి అన్న నియమం ఆ జవాబులోనే దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. కలరా బాక్టీరియాలన్నీ ఒకేలా ఉండవు. జీనోమ్ క్రమం మొదట వెలువడిన ఎన్‌16961 అనే ఎల్ టార్ రకంలో హాప్‌ఆర్ జన్యువే చెడిపోయి ఉంది. అందులో పైన చెప్పిన గుంపు లెక్క టాక్సిన్‌కు వర్తించదు. అలాగే క్లాసికల్, ఎల్ టార్ రకాలు ప్రయోగశాలలో టాక్సిన్ తయారుచేసే పరిస్థితులు వేరు. ఈ తేడాకు ప్రధాన కారణం టీసీపీ-పి ప్రమోటర్‌లో ఆఫ్‌-బి కూర్చునే చోట ఒకే ఒక్క అక్షరం మారడమేనని తేలింది. అందువల్ల రకం పేరు రాయని బొమ్మను సగం బొమ్మగానే పరిగణించాలి.

పేగులో టాక్స్‌టికి అందే సంకేతాల గురించి కూడా కొంత తెలుసు. 2010లో టాక్స్‌టి స్ఫటిక నిర్మాణం వెలువడినప్పుడు దాని లోపల 16 కార్బన్‌ల కొవ్వు ఆమ్లం ఒకటి ఇమిడి కనిపించింది. పైత్యరసంలో ఉండే అసంతృప్త కొవ్వు ఆమ్లాలు టాక్స్‌టి డీఎన్‌ఏను పట్టుకోకుండా ఆపుతాయి. పేగు గోడ దగ్గర ఎక్కువగా ఉండే బైకార్బొనేట్ దాని పనిని పెంచుతుంది. పేగు మధ్యలో తేలుతున్నప్పుడు ఆగి, శ్లేష్మం దాటి గోడను చేరాక పనిచేయడానికి ఇదొక ఏర్పాటు కావచ్చునని భావిస్తున్నారు. ఈ మార్గాన్నే మందుగా మలచే ప్రయత్నాలు కూడా జరిగాయి. 2005లో ప్రకటించిన విర్‌స్టాటిన్ అనే చిన్న అణువు బాక్టీరియాను చంపదు, టాక్స్‌టిని మాత్రమే నిలువరిస్తుంది.

ఎంఆర్‌ఎన్‌ఏ తయారయ్యాక

జన్యువు తెరుచుకోవడంతో కథ ముగిసిందనుకోకూడదు. కలరా టాక్సిన్‌లో ఏ భాగం ఒకటి, బి భాగాలు అయిదు. రెండూ ఒకే ఎంఆర్‌ఎన్‌ఏ మీద ఉన్నా, బి భాగం ముందున్న రైబోజోమ్ బంధన స్థలం మరింత బలమైనది కావడంతో దానికి ఎక్కువ ప్రతులు తయారవుతాయి. ఈ మెట్టును బొమ్మలో వేరే రకం గీతతో, ఉదాహరణకు చుక్కల గీతతో చూపించండి. క్యూఆర్‌ఆర్ పని కూడా చుక్కల గీతే, ఎందుకంటే అది ఎంఆర్‌ఎన్‌ఏ స్థాయిలో జరుగుతుంది.

స్విచ్చు బాక్టీరియా చేతిలో లేనప్పుడు

వ్యాసం మొదట్లో వేసుకున్న ప్రశ్న ‘బాక్టీరియాకు లాభం ఎప్పుడు?’ అన్నది. షిగా టాక్సిన్ తయారుచేసే ఇ. కోలై దగ్గర ఆ ప్రశ్నను కొంచెం మార్చుకోవాలి. 1982లో అమెరికాలో హాంబర్గర్లు తిన్నవారిలో రక్తవిరేచనాలు వచ్చినప్పుడు గుర్తించిన ఓ157:హెచ్7 రకం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఇక్కడ టాక్సిన్ జన్యువు లాంబ్డా తరహా ఫేజ్‌ది, స్విచ్చు కూడా ప్రధానంగా ఫేజ్‌దే. ఫేజ్ నిద్రాణంగా ఉన్నంతకాలం దాని రెప్రెసర్ అన్నింటినీ మూసి ఉంచుతుంది. బాక్టీరియా డీఎన్‌ఏ దెబ్బతింటే రెక్‌-ఏ అనే ప్రోటీన్ మేల్కొంటుంది, దాని ప్రేరణతో ఆ రెప్రెసర్ తెగిపోతుంది, ఫేజ్ చివరిదశ జన్యువులు చదవబడతాయి, వాటితోపాటే టాక్సిన్ జన్యువూ చదవబడుతుంది. కణం పగిలి ఫేజ్‌లు బయటపడేటప్పుడు టాక్సిన్ కూడా బయటపడుతుంది. టాక్సిన్ తయారుచేసిన కణం బతకదు. లాభం ఫేజ్‌దో, మిగిలిన తోటి కణాలదో అయి ఉండాలి.

ఈ పటం చదవగలిగితే ఒక వైద్య నియమం కూడా అర్థమవుతుంది. డీఎన్‌ఏను దెబ్బతీసే కొన్ని యాంటీబయాటిక్‌లు ఈ ఫేజ్‌ను మేల్కొలిపి టాక్సిన్‌ను పెంచగలవు. మూత్రపిండాలు దెబ్బతినే హీమోలిటిక్ యురీమిక్ సిండ్రోమ్ భయంతో, ఈ సోకుడు ఉన్న రోగులకు, ముఖ్యంగా పిల్లలకు, యాంటీబయాటిక్ ఇవ్వడానికి వైద్యులు వెనకాడతారు. కలరాలో పరిస్థితి అలా కాదు. నీరు, లవణాలు భర్తీ చేయడం ప్రధాన చికిత్స కాగా, తీవ్రమైన రోగులకు తగిన యాంటీబయాటిక్ కూడా ఇస్తారు. ఈ రెండింటి మధ్య తేడాకు ఒక ముఖ్య కారణం స్విచ్చు ఎవరి చేతిలో ఉందన్నదే.

బాణం వెనుక సాక్ష్యం ఎంత?

ఒక పరిశోధన పత్రంలో ‘ఈ ప్రోటీన్ టాక్సిన్ జన్యువును నియంత్రిస్తుంది’ అని ఉంటే, ఆ మాటకు ఆధారం ఏ స్థాయిదో చూడాలి. నియంత్రక జన్యువును తీసేస్తే టాక్సిన్ తగ్గిందంటే సంబంధం ఉందని మాత్రమే రుజువైంది. తిరిగి పెట్టినప్పుడు టాక్సిన్ మళ్లీ వచ్చిందా అన్నది తరువాత చూడవలసిన సంగతి. ప్రమోటర్‌కు లాక్‌-జెడ్ వంటి సూచక జన్యువును తగిలించి కొలిస్తే మార్పు ప్రమోటర్ దగ్గరే జరుగుతోందని తెలుస్తుంది. శుద్ధిచేసిన ప్రోటీన్ ఆ డీఎన్‌ఏ ముక్కను పట్టుకుని జెల్‌లో దాని నడకను నెమ్మదింపజేస్తే నేరుగా కూర్చుంటుందని చెప్పవచ్చు. డీఎన్‌ఏస్ ఫుట్‌ప్రింటింగ్ అయితే ఎక్కడ కూర్చుందో అక్షరాలతో సహా చూపుతుంది. నేరు సంబంధం రుజువు కాని చోట బాణాన్ని పెన్సిలుతోనే ఉంచి, రుజువైన చోటే పెన్నుతో దిద్దండి.

వీటన్నింటికన్నా కష్టమైనది, గాజుపాత్రలో చూసినది శరీరంలో కూడా జరుగుతోందని చూపడం. 1999లో కమిల్లి బృందం ఒక ఉపాయం చేసింది. కావలసిన ప్రమోటర్ ఒక్కసారి తెరుచుకున్నా బాక్టీరియా డీఎన్‌ఏలో చెరగని మార్పు మిగిలేలా ఏర్పాటు చేసి, వాటిని పిల్ల ఎలుకలకు ఇచ్చి, ఏ జన్యువు ఎప్పుడు తెరుచుకుందో లెక్కగట్టారు. పేగులో ముందు పిలస్ జన్యువు, ఆ తరువాతే టాక్సిన్ జన్యువు తెరుచుకుంటున్నాయని, పిలస్ లేకపోతే టాక్సిన్ జన్యువు సరిగా తెరుచుకోవడం లేదని తేలింది. పాత్రలో పెంచినప్పుడు ఈ వరుస కనిపించలేదు. ఒకే ప్రోటీన్ రెండింటినీ తెరుస్తుందని గీసుకున్న మన బొమ్మలో కాలానికి చోటు లేదని ఇక్కడ తెలుస్తుంది. అందుకని బొమ్మ పక్కన నిలువుగా ఒక కాలరేఖ గీసి, శరీరంలో చూసిన వరుసను అందులో విడిగా రాసుకోవడం మంచిది.

తరువాతి అభ్యాసానికి కోరింత దగ్గును తీసుకోండి. బోర్డెటెల్లా పెర్టుసిస్‌లో బీవీజీ-ఎస్ అనే త్వచ ప్రోటీన్, బీవీజీ-ఏ అనే డీఎన్‌ఏ బంధక ప్రోటీన్ కలిసి టాక్సిన్‌ను, అంటుకునే సాధనాలను నడిపిస్తాయి. 37 డిగ్రీల దగ్గర వ్యవస్థ తెరుచుకుంటుంది, 25 డిగ్రీల దగ్గర మూసుకుంటుంది. ఫాస్ఫేట్ ఉన్న బీవీజీ-ఏ పోగవుతున్నప్పుడు అంటుకునే సాధనాల జన్యువులు ముందు, టాక్సిన్ జన్యువు ఆలస్యంగా తెరుచుకుంటాయి. కారణం ఆ ప్రమోటర్లు బీవీజీ-ఏను పట్టుకునే బలంలో తేడా. కాగితం అడుగున టాక్సిన్ ఓపెరాన్ రాసి, రంగులు వేసి, గుర్తులు పెట్టి, కాలరేఖ గీయండి. ఆ తరువాత పేజీ పైభాగంలో ఈ ప్రశ్న రాసుకుని మీ బొమ్మతో సరిచూడండి: మనిషి శరీరం తప్ప వేరే నివాసం ఉన్నట్టు తెలియని ఈ బాక్టీరియా, చల్లని చోట మూసుకునే స్విచ్చును ఇంకా ఎందుకు దాచుకుంది?